పైఅధికారికి అడ్డు చెప్పే వాక్యం

1978 డిసెంబర్ 28 సాయంత్రం, అమెరికాలోని డెన్వర్ నుంచి పోర్ట్‌లాండ్ వచ్చిన యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 173 విమానం దిగాల్సిన వేళకు దిగలేదు. చక్రాలు కిందికి దించగానే పెద్ద శబ్దమైంది, విమానం ఒక్కసారి కుదిపింది. చక్రాలు బిగుసుకున్నాయని చెప్పే పచ్చ దీపాలు అన్నీ వెలగలేదు. కెప్టెన్ అనుభవజ్ఞుడు, జాగ్రత్తపరుడు. ఊరి పక్కనే గాల్లో చుట్లు కొడుతూ, లోపం ఎక్కడుందో చూసుకుంటూ, ప్రయాణికులను అత్యవసర ల్యాండింగ్‌కు సిద్ధం చేయిస్తూ దాదాపు గంట గడిపాడు. ఈలోగా ఇంధనం తరిగిపోతోంది. ఆ సంగతి కాక్‌పిట్‌లో మిగతా ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది. ఇంకో పదిహేను నిమిషాలు ఆగాలన్న లెక్క వచ్చినప్పుడు, అంతసేపు ఆగితే ఇంధనం బాగా తగ్గిపోతుందని ఫ్లైట్ ఇంజనీర్ అన్నాడు కూడా. ఆ మాట అలా వచ్చి అలా వెళ్లిపోయింది. చివరికి ఒక ఇంజన్ ఆగిపోబోతోందని కో-పైలట్ చెప్పినప్పుడు కెప్టెన్ అడిగిన ప్రశ్న, 'ఎందుకు?' కో-పైలట్ జవాబు ఒక్క మాట: 'ఇంధనం.'

రన్‌వేకు ఆరు మైళ్ల దూరంలో, ఇళ్ల మధ్య చెట్లలో విమానం కూలింది. 189 మందిలో 10 మంది చనిపోయారు. వాళ్లలో ఆ ఫ్లైట్ ఇంజనీర్ కూడా ఉన్నాడు. చక్రాలు నిజానికి సరిగ్గానే దిగి బిగుసుకున్నాయని తర్వాత తేలింది.

కెప్టెన్ అడిగిన ఆ 'ఎందుకు' దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. విషయం తెలిసినవాళ్లు చేయి చాస్తే అందేంత దూరంలో ఉన్నారు. నోరు మూసుకునీ లేరు. చెప్పారు, కానీ చెప్పింది అవతలివాడి చెవిదాకా వెళ్లి, బుర్రలోకి మాత్రం వెళ్లలేదు. అమెరికా రవాణా భద్రతా బోర్డు 1979లో ఇచ్చిన నివేదిక సరిగ్గా ఇక్కడే వేలు పెట్టింది. కెప్టెన్లకు తోటివారిని కలుపుకుపోయే పద్ధతీ, మిగతా సిబ్బందికి తమ మాటను గట్టిగా చెప్పే శిక్షణా ఇప్పించాలని సిఫార్సు చేసింది. మాట్లాడే తీరును కూడా రెక్కల్లా, ఇంజన్లలా పరీక్షించి బాగుచేయాల్సిన భాగంగా చూసిన సిఫార్సు అది. అదే ఏడాది నాసా ఈ విషయం మీద ఒక సదస్సు పెట్టింది. 1981లో యునైటెడ్ సంస్థే తన పైలట్లకు శిక్షణ మొదలుపెట్టింది. క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్, క్లుప్తంగా సీఆర్ఎం అని ఇవాళ ప్రపంచమంతా పిలుస్తున్నది దాన్నే.

మన ఆఫీసుల్లో 'అసర్టివ్‌నెస్', 'డిఫికల్ట్ కన్వర్జేషన్స్' అంటూ జరిగే శిక్షణల్లో కనిపించే మంచి పద్ధతులు కొన్ని ఈ కాక్‌పిట్‌లో రాటుదేలినవే. అందుకే ఆ పనితనాన్ని దగ్గర నుంచి చూడాలనిపించింది. సిగ్గరిని ధైర్యవంతుడిగా మార్చే ప్రయత్నాన్ని ఈ శిక్షణ తయారుచేసినవాళ్లు పక్కన పెట్టేశారు. సిగ్గరి కూడా చెప్పగలిగే వాక్యం ఒకటి తయారుచేసి చేతికిచ్చారు. నాకు ఇందులో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ నిర్ణయమే.

మొదట్లోనే ఇంత తెలివి రాలేదు. తొలి కోర్సులు పెద్ద కంపెనీల మేనేజర్ల కోసం తయారైన మనస్తత్వ శిక్షణల నుంచి ఎత్తుకొచ్చినవి. నీ స్వభావం ఏమిటి, నీ నాయకత్వ శైలి ఏ గడిలో పడుతుంది అని ప్రశ్నపత్రాలు, విమానంతో సంబంధం లేని ఆటలు. చాలామంది పైలట్లు ఇదేదో మర్యాదలు నేర్పే బడి అని విసుక్కున్నారు. వాళ్ల విసుగులో న్యాయం ఉంది. నలభై ఏళ్ల మనిషి స్వభావాన్ని రెండు రోజుల్లో మార్చేస్తామనడం అతనికి అవమానమే. టెక్సస్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హెల్మ్‌రిచ్ బృందం ఏళ్ల తరబడి ఈ శిక్షణలను గమనిస్తూ వచ్చింది. కోర్సులు మెల్లగా స్వభావాన్ని వదిలి చేతలను పట్టుకున్నాయి. బయల్దేరే ముందు కెప్టెన్ ఏం చెప్పాలి? అనుమానం వచ్చినవాడు ఏ మాటతో మొదలుపెట్టాలి? జవాబు రాకపోతే తర్వాత ఏం చేయాలి? ఇవి చూసి నేర్చుకోగలిగేవి, మళ్లీ మళ్లీ చేసి నోటికి తెచ్చుకోగలిగేవి.

ఆ వాక్యానికి ఐదు భాగాలు. ఇంధనం తగ్గుతున్న సందర్భాన్నే తీసుకుని, మన భాషలో పేర్చి చూద్దాం.

'కెప్టెన్, ఒక్క నిమిషం. ఈ మబ్బు చుట్టూ తిరిగి వెళ్లేంత ఇంధనం ఉందా అని నాకు ఆందోళనగా ఉంది. గేజీలో నలభై నిమిషాలకే చూపిస్తోంది. దగ్గరలో ఉన్న ఎయిర్‌పోర్టులో దిగి నింపుకుని వెళ్దాం. మీరేమంటారు?'

చదవడానికి మామూలు మాటలే. మంచి వడ్రంగి మేకు కొట్టకుండా బిగించిన తలుపు చట్రంలా, ఏ ముక్క ఎందుకు అక్కడుందో విప్పి చూస్తే గానీ తెలియదు.

మొదటి ముక్క పిలుపు. పని ఒత్తిడిలో ఉన్న మనిషి చెవులు తెరిచే ఉంటాయి, వినడం మాత్రం ఆగిపోతుంది. గాల్లోకి విసిరిన మాట ఎవరిదీ కాదు. పేరో హోదాయో పెట్టి పిలిస్తే ఆ మాటకు ఒక చిరునామా వస్తుంది, అతను తలైనా తిప్పుతాడు.

రెండోది ఆందోళన. 'నాకు' అని మొదలవుతుంది, నా లోపలి సంగతి చెబుతుంది. దీన్ని ఎవరూ ఖండించలేరు. 'మీరు చూసుకోవడం లేదు' అంటే ఎదుటివాడు అక్కడికక్కడే తన తరఫున వాదనకు దిగుతాడు. 'నాకు ఆందోళనగా ఉంది' అంటే వాదించడానికి ఏమీ ఉండదు, ఎందుకని అడగడం తప్ప. ఈ ఐదు భాగాల్లో ఎదుటివాడి మీద నేరం మోపే మాట ఒక్కటీ లేదని గమనించండి.

మూడోది లెక్క. నలభై నిమిషాలు. 'తక్కువగా ఉంది', 'కొంచెం చూసుకోవాలి' లాంటి మాటలు ఎవరికి ఎంత కావాలంటే అంత సాగుతాయి. అంకె సాగదు. గేజీ ఎదురుగానే ఉంది కాబట్టి కెప్టెన్ నా మీద నమ్మకంతో పని లేకుండా తనే చూసుకోవచ్చు.

నాలుగోది దారి. చాలామంది దీన్ని వదిలేస్తారు. సమస్య చెప్పి ఊరుకుంటే దాన్ని తెచ్చి పైఅధికారి నెత్తిన పెట్టినట్టే. ఏదో ఒక పరిష్కారం, అది సగం పాడుదైనా సరే, మాటతో పాటు వస్తే ఫిర్యాదు కాస్తా ప్రతిపాదన అవుతుంది. ఒప్పుకోకపోయినా దాని మీద చర్చ నడుస్తుంది.

ఐదోది ప్రశ్న. నా దృష్టిలో ఈ పనితనమంతా ఇక్కడే మెరుస్తుంది. ప్రశ్న జవాబు లేకుండా నిలవదు. అవునంటే సరే. కాదంటే కారణం చెప్పాలి. ఏమీ అనకపోతే ఆ మౌనం కూడా ఒక సమాచారమే, మాట అందలేదని తెలిసిపోతుంది. పైగా నిర్ణయం కెప్టెన్ చేతిలోనే ఉంచి, మర్యాద తప్పకుండా, తప్పించుకునే దారి మాత్రం మూసేస్తుంది.

ఇప్పుడు 173 విమానంలోకి వెళ్లి చూడండి. ఫ్లైట్ ఇంజనీర్ చెప్పింది నిజం, పైగా వేళకు చెప్పాడు. కానీ ఆ మాటలో ఉన్నది మూడో ముక్క ఒక్కటే. అందులో ఏం చేద్దామన్నది లేదు, మీరేమంటారన్న ప్రశ్న లేదు. కెప్టెన్ మనసు చక్రాల మీద ఉంది. మాట తగులుకునే కొక్కెం లేక జారిపోయింది.

ముక్కల వరుస మార్చినా పని చెడుతుంది. దారితో మొదలుపెడితే కింది ఉద్యోగి పైవాడికి ఆజ్ఞ ఇచ్చినట్టుంటుంది. ప్రశ్నతో మొదలుపెట్టి 'ఇంధనం సరిపోతుందంటారా సార్?' అంటే అది సూచన మాత్రమే. 'సరిపోతుందిలే' అన్న ఒక్క మాటతో కొట్టుకుపోతుంది. ఊటె ఫిషర్, జూడిత్ ఒరసాను అనే పరిశోధకులు పైలట్ల మాట తీరును పరిశీలిస్తే, కెప్టెన్లు ఎక్కువగా ఆదేశాలతో, కో-పైలట్లు ఎక్కువగా సూచనలతో మాట్లాడతారని తేలింది. ప్రమాదం ఒక్కటే, దాన్ని చెప్పే గొంతు హోదాను బట్టి మారిపోతోంది. బాగా పనిచేసేవి ఈ రెంటికీ మధ్యలో ఉన్న మాటలని కూడా వాళ్లు చూశారు. 'మనం ఇప్పుడు ఇది చేయాలి, ఎందుకంటే' అనే తరహా మాటలు.

మన సంగతికి వద్దాం. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ టీమ్. శుక్రవారం డెలివరీ. అది కాదని సోమవారమే అందరికీ తెలుసు. మేనేజర్ అడుగుతాడు: 'అయిపోతుంది కదా?' 'ట్రై చేస్తాం సార్.' 'చూద్దాం సార్.' 'ఆల్మోస్ట్ అయిపోయింది సార్.' ఈ మూడు జవాబుల్లో ఏదీ అబద్ధం కాదు, ఏదీ సమాచారం కాదు. క్యాంటీన్‌లో టీ తాగుతూ మాత్రం అసలు సంగతి పూర్తిగా, లెక్కలతో సహా మాట్లాడుకుంటారు. అదే సంగతి మీటింగ్ గదిలో ఐదు భాగాల వాక్యంగా ఎలా ఉంటుందో చూడండి.

'సార్, శుక్రవారం డెలివరీ గురించి ఒక మాట. ఆ రోజుకు అందదేమోనని నాకు భయంగా ఉంది. పేమెంట్ పేజీలో మూడు పెద్ద బగ్‌లు ఇంకా అలాగే ఉన్నాయి, ఒక్కోదానికి కనీసం రెండు రోజులు పడుతుంది. పేమెంట్ ఒక్కటి వచ్చే వారానికి జరిపి మిగతాదంతా శుక్రవారమే ఇద్దాం. మీరేమంటారు?'

ఇందులో 'సార్' పోలేదు, 'మీరు' పోలేదు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని పెరిగిన మనిషి కూడా తన పెంపకాన్ని విడిచిపెట్టకుండా ఈ వాక్యం చెప్పగలడు. గట్టిగా చెప్పడమంటే గొంతు పెంచడమనీ, గౌరవం తగ్గించడమనీ మన ఉద్యోగుల్లో చాలామందికి ఒక భయం ఉంది. అమెరికా పుస్తకాలను అలాగే వల్లించే శిక్షకులు ఆ భయాన్ని ఇంకా పెంచుతారు. బాస్‌ను పేరు పెట్టి పిలవమంటారు, కళ్లలోకి సూటిగా చూడమంటారు. అవి ఆ ఊరి అలవాట్లు, ఈ వాక్యానికి వాటితో పనేమీ లేదు. తెలుగులో ఇది ఇంత సాఫీగా ఇమిడిపోవడం చూస్తే నాకు నిజంగా సంతోషమేస్తుంది.

వాక్యం చెప్పినా వినకపోతే? దానికీ ఏర్పాటుంది. ఇంగ్లీషు తొలి అక్షరాలు కలిపి 'పేస్' అని పిలిచే నాలుగు అంచెల పద్ధతి ఒకటి. ముందు అడిగి చూడాలి, తర్వాత హెచ్చరించాలి, తర్వాత సూటిగా నిలదీయాలి, చివరికి అత్యవసరంగా జోక్యం చేసుకోవాలి. ఇంకోటి రెండుసార్ల నియమం: రెండుసార్లు చెప్పినా తగిన జవాబు రాకపోతే పనిని ఆపడమో చేతిలోకి తీసుకోవడమో చేయాలి. ఇక్కడ తెగింపు అవసరాన్ని నియమమే తగ్గిస్తుంది. 'నేను ఎదిరించాను' అనే బరువు మనిషి మీద పడదు, రెండోసారి అయిపోయింది కాబట్టి పద్ధతి ప్రకారం మూడో పని జరుగుతుంది.

మంగళూరు ప్రమాదాన్ని తలచుకోకుండా ఈ మాట దాటి వెళ్లలేను. 2010 మే 22 ఉదయం, దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం కొండ మీది రన్‌వే చాలక లోయలోకి జారిపోయింది. 166 మందిలో 158 మంది పోయారు. ఎక్కువగా గల్ఫ్ నుంచి ఇంటికి వస్తున్నవాళ్లు. కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయాడు, విమానం ఉండాల్సినదానికంటే ఎత్తులో, వేగంగా వచ్చింది. దిగడం మానుకుని మళ్లీ పైకి లేపమని కో-పైలట్ మూడుసార్లు చెప్పినా, యంత్రం హెచ్చరికలు మోగుతున్నా కెప్టెన్ ఆపలేదని విచారణలో తేలింది. అంటే ఇక్కడ చెప్పడం జరిగింది. పోర్ట్‌లాండ్‌లో లేని స్పష్టత ఇక్కడ ఉంది. చెప్పేవాడికి ఎంత నేర్పినా, వినాల్సినవాడికి నేర్పకపోతే పని సగంలోనే ఉండిపోతుందనడానికి ఇంతకంటే బాధాకరమైన సాక్ష్యం నాకు తెలియదు.

సీఆర్ఎం మంచి రూపాల్లో ఈ రెండో సగం మీద శ్రద్ధ చాలా ఉంటుంది. ప్రయాణానికి ముందు కెప్టెన్ తనే చొరవ తీసుకుని, నా పొరపాటు ఏదైనా కనిపిస్తే వెంటనే చెప్పండి అంటాడు. నోరు తెరవడానికి అనుమతి ముందే ఇచ్చేస్తే, అవసరం వచ్చిన క్షణంలో అడుగుతూ కూర్చోనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన శస్త్రచికిత్స చెక్‌లిస్ట్‌లోనూ ఇదే ఉపాయం కనిపిస్తుంది. కోత పెట్టే ముందు థియేటర్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరూ, పనీ చెప్పుకోవాలి. ఒకసారి గొంతు బయటికి వచ్చిన నర్సుకు రెండోసారి మాట్లాడడం తేలిక.

ఆసుపత్రులకు ఈ పాఠం ఎంత అవసరమో బ్రిటన్‌లో ఎలేన్ బ్రామిలీ మరణం చూపింది. 2005లో సైనస్‌కు చేసే చిన్న ఆపరేషన్ కోసం వెళ్లిందామె. మత్తు ఇచ్చాక శ్వాసమార్గం మూసుకుపోయింది. అనుభవమున్న డాక్టర్లు గొట్టం వేయడానికి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూనే ఉన్నారు. ఒక నర్సు గొంతు దగ్గర కోసి శ్వాస అందించే సామగ్రి తెచ్చి, ఇదిగో ఉందని చెప్పింది. ఇంకో నర్సు ఐసీయూలో మంచం సిద్ధం చేయించి, డాక్టర్ల చూపులు చూసి తనే అతి చేస్తున్నానేమో అనుకుని రద్దు చేయించింది. ఏం చేయాలో తెలుసు, ఎలా చెప్పాలో తెలియలేదని తర్వాత వాళ్లలో కొందరు చెప్పారు. కొద్ది రోజులకే ఆమె చనిపోయింది. ఆమె భర్త మార్టిన్ బ్రామిలీ వృత్తిరీత్యా ఎయిర్‌లైన్ పైలట్. ఎవరినీ శిక్షించమని పట్టుబట్టకుండా, విమానాల్లో జరిగినట్టు లోతైన విచారణ జరగాలని కోరి, ఆ పాఠాన్ని వైద్యరంగంలోకి తేవడానికి 2007లో ఒక సంస్థ పెట్టాడు. ఆ మనిషి చేసిన పనికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

అమెరికాలో 2006 నుంచి ఆసుపత్రి బృందాలకు ఇస్తున్న 'టీమ్‌స్టెప్స్' శిక్షణలో మూడు మాటలు నేర్పుతారు. నాకు ఆందోళనగా ఉంది. ఇది నాకు సరిగ్గా అనిపించడం లేదు. ఇది రోగి భద్రతకు సంబంధించిన విషయం. మాటలు మామూలివే. కాకపోతే థియేటర్‌లో ఉన్న అందరికీ వీటి అర్థం ముందే తెలిసి ఉంటుంది, మూడో మాట వినగానే చేస్తున్న పని ఆగాలి. మాట బలం ఆ ముందస్తు ఒప్పందంలో ఉంది.

ఫలితం చూడాలంటే మళ్లీ యునైటెడ్ దగ్గరికే రావాలి. 1989 జులై 19న ఆ సంస్థ 232 విమానంలో తోక ఇంజన్ పేలి, విమానాన్ని తిప్పే హైడ్రాలిక్ వ్యవస్థలన్నీ పోయాయి. అలాంటి విమానాన్ని నడపడం ఏ పుస్తకంలోనూ లేదు. కెప్టెన్ ఆల్ హేన్స్ అందరి సలహా తీసుకున్నాడు. ప్రయాణికుల్లో ఉన్న డెనీ ఫిచ్ అనే శిక్షణ పైలట్ సాయం చేస్తానంటే కాక్‌పిట్‌లోకి రానిచ్చి, థ్రాటిళ్లు అతని చేతిలో పెట్టాడు. రెండు ఇంజన్ల వేగం పెంచుతూ తగ్గిస్తూ సూ సిటీ దాకా తెచ్చారు. 296 మందిలో 184 మంది బతికారు. కాక్‌పిట్‌లో ఉన్నవాళ్ల అనుభవం కలిపితే 103 ఏళ్లయినా, ఆ తరహాలో నడపడం ఒక్క నిమిషం కూడా ఎవరూ సాధన చేసినవాళ్లు కాదని హేన్స్ తర్వాత చెప్పేవాడు. బతికి బయటపడడంలో పెద్ద వాటా సీఆర్ఎంకే ఇచ్చాడు.

ఆఫీసు శిక్షణలకు ఇక్కడ నేర్చుకోవాల్సింది చాలా ఉంది. హోటల్ హాల్లో ఒక రోజు, మధ్యాహ్నం బఫే, సాయంత్రం సర్టిఫికెట్‌తో ముగిసే కార్యక్రమాల మీద నాకు నమ్మకం లేదు. సాధన ఆగిపోతే నేర్చుకున్నది కొన్నాళ్లకు సడలిపోతుందని హెల్మ్‌రిచ్ బృందం పైలట్లలోనే చూసింది. అందుకే వాళ్లకు ఈ శిక్షణ మళ్లీ మళ్లీ వస్తుంది. సిమ్యులేటర్‌లో సిబ్బంది అంతా కలిసి ఒక మామూలు ప్రయాణం మొదలుపెడతారు. దారిలో ఏదో చెడుతుంది. శిక్షకుడు మధ్యలో దూరడు. అయిపోయాక రికార్డు పెట్టి, ఎక్కడ ఏం జరిగిందో వాళ్లచేతే చెప్పిస్తాడు.

ఒక టీమ్ దీన్ని పెద్ద ఖర్చు లేకుండానే చేసుకోవచ్చు. కల్పిత కథ వద్దు, పోయిన నెలలో తప్పిన డెలివరీనే తీసుకోవాలి. ఎవరికి ఎప్పుడు అనుమానం వచ్చింది, ఏమన్నారు, అందులో ఐదింటిలో ఏ ముక్క లోపించింది అని చూడాలి. తర్వాత అదే సంభాషణను సరిచేసి నిజంగా పలకాలి, ఎందుకంటే కాగితం మీద రాసుకున్న వాక్యం గొంతులోకి అంత తేలిగ్గా రాదు. ఒకసారి అయ్యాక పాత్రలు మార్చాలి. మేనేజర్ జూనియర్‌గా కూర్చుని ఆ మాటలు తనే చెప్పాలి, జూనియర్ మేనేజర్‌గా ఉండి, ల్యాప్‌టాప్ వైపు చూస్తూ 'అయిపోతుంది కదా?' అనాలి. ఆ కుర్చీలోంచి 'మీరేమంటారు?' అని అడగడానికి ఎంత బలం కావాలో మేనేజర్‌కు అప్పుడే తెలుస్తుంది.